గెకో తల్లికీ పిల్లలకూ కాల్షియం, డి3, విటమిన్లు ఎంత, ఎలా

మీరు అడిగింది ముందు రెండు ముక్కల్లో చెప్తాను, తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థమవుతుంది. గుంటూరులో మీ ఇంట్లో ఆఫ్రికన్ ఫ్యాట్ టెయిల్ గెకోల (ఇంట్లో పెంచుకునే ఒక రకం లావు తోక బల్లుల) జంట ఉంది. ఆడది ఈ సీజన్‌లో రెండు విడతలు గుడ్లు పెట్టింది. రెండో విడత పిల్లలకు ఇప్పుడు నెల వయసు. రెండింటిలో ఒకదానికి చేతిలోకి తీసుకుంటే వేళ్లు వణుకుతున్నాయి, వెనక కాళ్ల మీద ఒళ్లు లేవడం లేదు. అన్నింటికీ తిండి మీల్‌వార్మ్‌లు (మేతకు అమ్మే ఒక రకం పురుగులు) ఒక్కటే. మనుషులు వేసుకునే షెల్కాల్ అనే కాల్షియం మాత్ర నూరి రోజూ అద్దుతున్నారు. ట్యాంకు ఏసీ బెడ్‌రూమ్‌లో ఉంది. రోజూ కాల్షియం ఇస్తున్నా ఇలా ఎందుకైంది, పౌడర్ మార్చాలా, కోళ్ల టానిక్ చుక్కలు వేయమని ఒకరన్నారు వేయొచ్చా, కిటికీ దగ్గర ఎండ చూపిస్తే చాలా అన్నవి మీ ప్రశ్నలు.

నేను విజయవాడలో చాలా ఏళ్లుగా ఫ్యాట్ టెయిల్, లెపర్డ్ గెకోలు పెంచుతున్నాను, గుడ్లు పొదిగించి పిల్లల్ని పెద్దచేసినవాణ్ని. డాక్టర్ని కాదు. అది గుర్తుపెట్టుకుని చదవండి.

వణికే పిల్ల సంగతి ముందు చూద్దాం. పౌడర్ మార్చి పది రోజులు చూద్దామనుకునే వ్యవహారం కాదిది. వేళ్లు వణకడం, కాళ్లు ఒంటి బరువు మోయలేకపోవడం కాల్షియం లోటు ముదిరిందనడానికి గుర్తులు. రేపే వెట్‌కు (పశువైద్యుడికి) చూపించండి. గుంటూరులోనూ విజయవాడలోనూ కుక్కల్నీ పిల్లుల్నీ చూసే క్లినిక్‌లకు కొదవ లేదు గానీ బల్లిని చూసేవాళ్లు తక్కువ. అందుకే ముందు ఫోన్ చేసి "బల్లి జాతిని చూస్తారా, ఎక్స్‌రే తీస్తారా" అని రెండు ప్రశ్నలూ అడగండి. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, అక్కడ కూడా కనుక్కోండి. ఎక్స్‌రేలో ఎముక ఎంత పలచబడిందో, ఎక్కడైనా విరిగిందో కనిపిస్తుంది. పిల్లకు నోటిద్వారా ఇచ్చే కాల్షియం ద్రవం డోసు బరువును బట్టి వాళ్లే లెక్కకట్టాలి. నాలుగైదు గ్రాముల జీవానికి మనం ఇంట్లో అందాజాగా వేసే చుక్క పది రెట్లు ఎక్కువైపోవచ్చు.

వెళ్లేలోపు చేయాల్సినవి చిన్నవే. ట్యాంకులో రాళ్లు, కొమ్మలు, ఎక్కడానికి వీలున్నవన్నీ తీసేయండి. పలచబడిన ఎముక కొద్ది ఎత్తు నుంచి పడినా విరగొచ్చు. కింద టిష్యూ పేపర్ పరవండి. పిల్లను అన్నతోనో చెల్లితోనో కలపకుండా విడిగా ఉంచండి. చేతిలోకి తీసుకోవడం మానండి, తప్పనిసరైతే అరచేతి మీదకు అదే నడిచి ఎక్కేలా చూడండి. దవడ మెత్తబడిందేమోనని వేలితో నొక్కి చూడొద్దు. నోట్లో బలవంతంగా పౌడర్ కుక్కొద్దు. వెట్ దగ్గరకు వెళ్లేటప్పుడు మీరు వాడుతున్న మాత్రల స్ట్రిప్ కూడా పట్టుకెళ్లండి.

ఇక అసలు ప్రశ్న. రోజూ ఇస్తున్నా ఎందుకిలా అయింది? పౌడర్ పురుగు మీద పడినంత మాత్రాన కాల్షియం ఎముకకు చేరదు. మధ్యలో పురుగు, విటమిన్ డి3, వేడి అనే మూడు మజిలీలు ఉన్నాయి. మీ ఇంట్లో మూడు చోట్లా కొంత కొంత కారిపోయింది.

పురుగుతో మొదలుపెడదాం. గెకో తిండిలో కాల్షియం ఫాస్ఫరస్ కంటే ఎక్కువ ఉండాలి, ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉంటే మంచిది. మీల్‌వార్మ్‌లో లెక్క తిరగబడి ఉంటుంది: కాల్షియం ఒక వంతైతే ఫాస్ఫరస్ పదిహేను వంతుల పైమాటే. కీచురాళ్లలో సుమారు ఒకటికి ఏడు. ఫాస్ఫరస్ ఇలా మీద పడినప్పుడు రక్తంలో కాల్షియం తగ్గకుండా చూసేందుకు పారాథైరాయిడ్ గ్రంథి ఎముకల్లోంచి కాల్షియం లాగి రక్తంలోకి పంపుతుంది. కొన్నాళ్లు పైకి ఏమీ తెలియదు, పిల్ల బాగానే తింటుంది, తిరుగుతుంది. ఎముకలో ఇక లాగడానికి లేనప్పుడు వణుకు మొదలవుతుంది. అందుకే "నిన్నటిదాకా బాగానే ఉందండీ" అనే మాట ప్రతి ఒక్కరూ అంటారు.

పైగా మీల్‌వార్మ్ ఒళ్లు నున్నగా ఉంటుంది. మాత్రను రోట్లో నూరితే ఎంత మెత్తగా నూరినా రవ్వగానే వస్తుంది, ఆ రవ్వ దాని మీద నిలవదు. ఒకసారి గిన్నెలో వేసి గమనించండి, రెండు నిమిషాల్లో తెల్లపొడి అంతా గిన్నె అడుగున ఉంటుంది, పురుగు మళ్లీ గోధుమ రంగులో మెరుస్తుంటుంది. కీచురాయి ఇంకో రకం: అది కాళ్లూ మీసాలూ తుడుచుకుంటూ పొడిని దులిపేసుకుంటుంది. పొడి అద్దిన వెంటనే గెకో ముందు వేసి, అది తినేదాకా చూడాలి. రాత్రి వేసి పొద్దున్నే ఖాళీ అయిందో లేదో చూసుకునే పద్ధతిలో గెకో తినేది ఉత్త పురుగునే.

అద్దడానికి మూతున్న చిన్న ప్లాస్టిక్ డబ్బా చాలు. పురుగుల్ని వేసి, చిటికెడు పొడి వేసి, మెల్లగా తిప్పాలి. చపాతీ ఒత్తేటప్పుడు పొడిపిండి అద్దినంత పలచగా అంటితే సరి. పురుగు ముద్దగా తెల్లబడిపోతే గెకో మూతి తిప్పుకుంటుంది, పిల్లలైతే మరీను.

షెల్కాల్ 500 మాత్రలో 1250 మి.గ్రా. కాల్షియం కార్బొనేట్ ఉంటుంది. అందులో అసలు కాల్షియం 500 మి.గ్రా., దాంతోపాటు 250 ఐయూ (విటమిన్లను కొలిచే యూనిట్లు) విటమిన్ డి3. కాల్షియం కార్బొనేట్ మంచిదే, సరీసృపాల పౌడర్లలో ఎక్కువ భాగం ఉండేదీ అదే. చిక్కు ఏమిటంటే మాత్రలో డి3ని కాల్షియం నుంచి విడదీయలేం. కాల్షియం రోజూ కావాలి, డి3 రోజూ అక్కర్లేదు. అంటే మీరు రోజూ డి3 ఇస్తున్నారన్న మాట, కాకపోతే పొడి సరిగ్గా అంటక అదీ ఎంత వెళ్లిందో తెలియదు. ఒకరోజు లేదు, ఒకరోజు ఎక్కువ. మాత్రలు పక్కన పెట్టేయండి.

డి3 లేకుండా పేగు కాల్షియాన్ని లోపలికి తీసుకోదు. డి3 ఒంట్లోకి రెండు దారుల్లో వస్తుంది: తిండితో, లేదా ఎండలో ఉండే యూవీబీ (ఒక రకం అతినీలలోహిత) కిరణాలు చర్మం మీద పడి అక్కడే తయారై. రెండో దారిలో వచ్చేది ఎంత కావాలో అంతే తయారవుతుంది, చర్మమే ఆపేస్తుంది. తిండితో వచ్చేదానికి ఆ అదుపు లేదు. అది కొవ్వులో నిలవ ఉంటుంది, మితిమీరితే కాల్షియం పోయి గుండె రక్తనాళాల్లోనూ మూత్రపిండాల్లోనూ పేరుకుంటుంది. పైకి కనిపించేది మళ్లీ మందకొడితనం, తిండి మానేయడమే. చాలామంది దాన్ని లోటు అనుకుని ఇంకాస్త పోస్తారు. సాదా కాల్షియం కొంచెం ఎక్కువైతే చాలావరకు విసర్జనలో పోతుంది, మలబద్ధకం రావచ్చు. డి3కి ఆ వెసులుబాటు లేదు.

కోళ్ల టానిక్ చుక్కలు వద్దనడానికి కారణం ఇదే. కోళ్లకూ పశువులకూ ఇచ్చే లిక్విడ్ విటమిన్లలో ఒక్కో మిల్లీలీటరుకు డి3 వేల ఐయూల్లో ఉంటుంది, విటమిన్ ఎ దానికంటే ఎక్కువ. అది బకెట్ నీళ్లలో కలిపి వందల కోళ్లకు పోయడానికి తయారుచేసిన సీసా. నాలుగు గ్రాముల పిల్ల నోట్లో దాని ఒక్క చుక్క అంటే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. ఆ సలహా ఇచ్చినాయన కోళ్లను బాగా పెంచి ఉండొచ్చు, ఆ అనుభవం ఇక్కడ పనికిరాదు.

కిటికీ ఎండ కూడా దండగే. మామూలు గాజు యూవీబీని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. వెలుగు వస్తుంది, వేడి వస్తుంది, డి3 తయారుచేసే కిరణాలు మాత్రం రావు. గాజు ట్యాంకును నేరుగా ఎండలో పెడితే మన ఎండలకు పావుగంటలో లోపలి జీవం ఉడికిపోతుంది. మార్చి దాటాక ఆ ప్రయోగం చేయనే వద్దు.

యూవీబీ లైటు పెట్టగలిగితే పెట్టండి. ఫ్యాట్ టెయిల్, లెపర్డ్ గెకోలు రాత్రి, సంజెవేళ తిరిగే జాతులు, లైటు లేకుండా తిండిలో డి3తోనే ఆరోగ్యంగా పెరిగినవి చాలా ఉన్నాయి. అయినా తక్కువ బలం ఉన్న ట్యూబు, అంటే 5 శాతం రకం, పగలు కొన్ని గంటలు వెలిగితే వాటి ఒంట్లో డి3 పెరుగుతుందని లెపర్డ్ గెకోల మీద పరీక్షించి చూశారు. దాక్కోవడానికి నీడ తప్పనిసరిగా ఉండాలి. ట్యాంకు పైన సన్నజాలీ ఉంటే అదీ కొంత ఆపేస్తుంది. ట్యూబు వెలుగుతూనే ఉన్నా యూవీబీ తగ్గిపోతుంది కాబట్టి కంపెనీ చెప్పిన గడువుకు మార్చేయాలి. ఆల్బినో (ఒంట్లో నల్లరంగు లేని) రకమైతే కళ్లకు ఇబ్బంది, జాగ్రత్త.

మూడో మజిలీ వేడి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆ ఏసీ గది. బల్లికి సొంత వేడి లేదు. పొట్ట కింద 31, 32 డిగ్రీలు లేకపోతే తిన్నది అరగదు, అరగనిది పేగులోంచి రక్తంలోకి వెళ్లదు, ఎంత మంచి పౌడరైనా అంతే. మనిషికి హాయిగా ఉన్న 24 డిగ్రీల గదిలో రాత్రంతా ఉంటే, సరిగ్గా అది తిరిగి తినే వేళకే ఒళ్లు చల్లబడి ఉంటుంది. ట్యాంకు ఒక మూల కింద హీట్ మ్యాట్, దానికి థర్మోస్టాట్, నేల మీద ఆనేలా ప్రోబ్ థర్మామీటర్ పెట్టండి. గోడకు అంటించే గుండ్రటి మీటర్లు గాలి వేడి చెప్తాయి, నేల వేడి చెప్పవు. ఇంకో మూల 25, 26 ఉండాలి, అదే ఎటు కావాలంటే అటు జరుగుతుంది. మే నెలలో ఏసీ లేని గదిలో పెడితే కథ తిరగబడుతుంది, రోహిణి కార్తెలో మన గదులే 36 దాటుతాయి, అప్పుడు థర్మోస్టాట్ మ్యాట్‌ను ఆపేయాలి, మీరు చల్లదనం చూసుకోవాలి. కరెంటు పోయినప్పుడు ఏం చేయాలన్నది వేరే పెద్ద చర్చ.

ఇప్పుడు లెక్క చెప్తాను, యూవీబీ లైటు లేదనుకుని. రోజూ తినే పిల్లకు వారంలో ఏడు పూటలు. నాలుగు పూటలు డి3 లేని సాదా కాల్షియం, రెండు పూటలు డి3 ఉన్న కాల్షియం, ఒక పూట మల్టీవిటమిన్. ఈ రెండు డి3 పూటలూ పక్కపక్కన రాకుండా చూసుకోండి, మంగళవారం, శుక్రవారం అనుకోండి. మల్టీవిటమిన్‌లో కూడా డి3 ఉండే అవకాశం ఎక్కువ, ఉంటే దాన్నీ డి3 పూటగానే లెక్కించి, ఆ రెండు డి3 పూటల్లో ఒకటి తగ్గించండి. రెండు మూడు రోజులకోసారి తినే పెద్దవాటికి వారానికి ఒకసారి డి3ది, రెండు వారాలకు ఒకసారి మల్టీవిటమిన్, మిగతా ప్రతిసారీ సాదా కాల్షియం. యూవీబీ ఉంటే డి3 పూటలు సగానికి తగ్గించేయొచ్చు.

ఈ లెక్క కూడా డబ్బా మీద రాసినదాన్ని బట్టి మారుతుంది. డి3 కేజీకి ఎన్ని ఐయూ అని వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, బ్రాండుకూ బ్రాండుకూ పది రెట్లకు పైగా తేడా ఉంటుంది. కేజీకి లక్షల్లో ఉన్నదాన్ని వారానికి ఒక్కసారికి మించి వాడను. రెపాషీ కాల్షియం ప్లస్ లాంటి ఆల్ ఇన్ వన్ పౌడర్లు ప్రతిపూటా అద్దేలా తక్కువ డి3తో చేసినవి. అవి వాడితే వేరే డి3 డబ్బా కొననే వద్దు. రెండూ కలిపి వాడటం మనవాళ్లలో నేను తరచూ చూసే పొరపాటు. వణికే పిల్లకు మాత్రం ఈ లెక్కలేవీ వర్తించవు, దానికి వెట్ చెప్పిందే.

విటమిన్ ఎ గురించి ఒకటి. పురుగులు తినే బల్లులకు క్యారెట్‌లోని బీటా కెరోటిన్‌ను విటమిన్ ఎ గా మార్చుకునే సత్తా అంతగా లేదని వెట్‌లు చెప్తారు. కాబట్టి మల్టీవిటమిన్ డబ్బా మీద రెటినాల్ అనో విటమిన్ ఎ ఎసిటేట్ అనో ఉందా చూడండి. లోటైతే కనురెప్పలు ఉబ్బుతాయి, కుబుసం కళ్ల చుట్టూ, వేళ్ల చివర ఊడకుండా ఉండిపోతుంది. కుబుసం ఉండిపోవడానికి తేమ తక్కువ కావడం కూడా కారణమే, ఏసీ గదిలో అదీ ఉంటుంది. ముందు తడి నాచు పెట్టిన గూడు ఒకటి ఏర్పాటు చేసి చూడండి. విటమిన్ ఎ ఎక్కువైతే డి3 పనికి అడ్డం పడుతుంది, కాబట్టి దీన్నీ పోసుకుంటూ పోకూడదు.

ఇక నేను డబ్బాల కంటే ఎక్కువ పట్టించుకునేది పురుగు కడుపు. గెకో తినేది పురుగును మాత్రమే కాదు, ఆ పురుగు నిన్న తిన్నదాన్ని కూడా. మీరు కొనే మీల్‌వార్మ్‌లు తవుడులోనో గోధుమ పొట్టులోనో పెరుగుతాయి. ఆ రెండింట్లోనూ ఫాస్ఫరస్ దండిగా, కాల్షియం నామమాత్రంగా ఉంటుంది. తెచ్చిన డబ్బాలోంచి నేరుగా తీసి వేస్తే గెకోకు వెళ్లేది అదే. వేయడానికి ఒకటి రెండు రోజుల ముందు కావలసినన్ని వేరే డబ్బాలోకి తీసి మంచి మేత పెట్టాలి.

మన ప్రాంతంలో దీనికి ఖరీదైన విదేశీ పౌడర్లు అవసరం లేదు. గుడ్లు పెట్టే కోళ్లకు వేసే లేయర్ మాష్‌లో కాల్షియం మూడున్నర, నాలుగు శాతం దాకా ఉంటుంది, గుడ్డు పెంకు కోసం అలా కలుపుతారు. అంటే వంద గ్రాములకు మూడున్నర గ్రాముల పైమాట. మనందరం బలమనుకునే రాగిపిండిలో అంతే తూకానికి 350 మి.గ్రా. అటూ ఇటూగా ఉంటుంది. హనుమాన్ జంక్షన్, నూజివీడు వైపు కోళ్లఫారాలు ఉన్నవాళ్లు ఎవరైనా తెలిస్తే అరకేజీ అడిగితే చాలు, నెలల తరబడి వస్తుంది. మందులు కలిపిన దాణా కాకుండా చూసుకోండి, పిల్లకోళ్ల స్టార్టర్ దాణాలో ఒక్కోసారి కలుపుతారు. లేయర్ మాష్ మెత్తగా చేసి, అందులో కొంచెం సాదా కాల్షియం కార్బొనేట్ కలిపి, తేమ కోసం మునగాకు, చిలగడదుంప ముక్క పెడితే రెండు రోజుల్లో పురుగులు నిండుగా ఉంటాయి. ఇంత కాల్షియం మేత మీద పురుగులు ఎక్కువ రోజులు బతకవు. అందుకే అది పెంపకానికి కాదు, వేసే ముందు రెండు రోజులకే. పాలకూర, తోటకూర, గోంగూర మేతగా వద్దు. వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టి ఉంచేస్తాయి, కాగితం మీద అంకె ఎంత ఉన్నా ఒంటికి అందేది తక్కువ.

మీల్‌వార్మ్ ఒక్కదానితో నెట్టుకురావొద్దు. చిన్న కీచురాళ్లు, చిన్న డూబియా బొద్దింకలు దొరికితే మారుస్తూ వేయండి. ఆన్‌లైన్‌లో బ్లాక్ సోల్జర్ ఫ్లై పురుగులు దొరుకుతున్నాయి, పురుగుల్లో కాల్షియం ఫాస్ఫరస్ కంటే ఎక్కువ ఉండే అరుదైన రకం అది. వాటికి పొడి అద్దకపోయినా నడుస్తుంది. పురుగు పొడవు పిల్ల రెండు కళ్ల మధ్య దూరాన్ని మించకూడదు. పొలంలో మిడతలు పట్టి తేవాలని మాత్రం అనుకోవద్దు. గుంటూరు చుట్టూ ఉన్నది మిరప, పత్తి, ఆ చేలల్లో మందు కొట్టని వారం ఉండదు. తొలకరికి ట్యూబ్‌లైటు చుట్టూ చేరే ఉసిళ్లను గెకో ఎగబడి తింటుంది, ఆ రోజు ఇంట్లో దోమల స్ప్రే కొట్టకపోతే, వీధిలో మున్సిపాలిటీ పొగ పెట్టకపోతే ఒకటి రెండు వేసినా తప్పులేదు.

సాదా కాల్షియం దొరకడం లేదని కొందరు రాశారు. పక్షుల షాపులో కటిల్ బోన్ అడగండి, మూలికల దుకాణంలో సముద్రపు నురుగు అంటే అదే ఇస్తారు. ఉప్పు పోయేలా రెండు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టి, ఎండబెట్టి, పైన మెత్తగా ఉన్న భాగాన్ని చాకుతో గీకి, మిక్సీలో వేసి పలచటి గుడ్డలోంచి జల్లించండి. చాలావరకు కాల్షియం కార్బొనేటే. గుడ్డు పెంకు కూడా అదే పదార్థం, ఉడికించి ఆరబెట్టి నూరొచ్చు గానీ దాని రవ్వ మీల్‌వార్మ్‌కు పట్టదు, పురుగుల మేతలో కలపడానికి బాగుంటుంది. పశువుల మినరల్ మిక్స్చర్, డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్), ఎముకల పొడి వద్దు, వాటిలో ఫాస్ఫరస్ కూడా ఉంటుంది, మన గొడవంతా దానితోనే. చాక్‌పీసు పొడి వద్దు, ఇప్పటి చాక్‌పీసుల్లో ఎక్కువ జిప్సమే. తాంబూలం సున్నం వాడొచ్చా అని ఒకావిడ అడిగారు. అస్సలు వద్దండీ. అది కాల్షియం హైడ్రాక్సైడ్, మన నోరే పొక్కుతుంది, బల్లి నోరు కాలిపోతుంది.

ట్యాంకులో పరవడానికి అమ్మే కాల్షియం ఇసుక కూడా కొనకండి. లోటున్న పిల్ల అదే పనిగా దాన్ని నాకుతుంది, పేగు మూసుకుపోతుంది.

తల్లి గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, నేనైతే సగం ఉత్తరం దాని గురించే రాసేవాణ్ని. గుడ్డులో పిల్ల ఎముకలు కట్టుకునేది తల్లి పచ్చసొనలో పెట్టి పంపిన కాల్షియంతో, డి3తో, విటమిన్ ఎ తో. ఒక విడత అయ్యాక మూడు నాలుగు వారాలకే మళ్లీ పెడుతుంది, ఫ్యాట్ టెయిల్ సీజన్‌కు నాలుగైదు విడతల దాకా పెట్టగలదు. మేతలో రానిది తన ఎముకల్లోంచి తీసి ఇస్తుంది. అందుకే మొదటి విడత పిల్లలు గట్టిగా ఉండి, రెండో విడతవి బలహీనంగా పుట్టడం తరచూ చూస్తాం. మీ పిల్ల లోటు పుట్టకముందే మొదలై ఉండొచ్చు. దాని తోబుట్టువు ఇప్పటికి బాగుందని వదిలేయకండి, దాన్నీ వెట్‌కు చూపించండి.

గోడ మీద తిరిగే మన ఇంటి బల్లిని గమనించారా? గుడ్లున్న ఆడబల్లి మెడకు రెండు పక్కలా తెల్లటి ఉబ్బులు కనిపిస్తాయి, ట్యూబ్‌లైటు దగ్గర ఇంకా స్పష్టంగా. అవి గడ్డలు కావు, గుడ్డు పెంకు కోసం దాచుకున్న కాల్షియం సంచులు. దాని గుడ్డు పెంకు గట్టిగా ఉంటుంది కదా, అంత సరుకు ముందే సిద్ధం చేసుకుంటుంది. డే గెకోలకూ అలాగే ఉంటాయి, వాటిని పెంచేవాళ్లు ఆ ఉబ్బు చూసి నిల్వ ఎంతుందో అంచనా వేస్తారు. ఫ్యాట్ టెయిల్, లెపర్డ్ గెకోలకు మెడలో ఆ సంచులు పైకి కనిపించవు, వాటి గుడ్డు పెంకు కూడా తోలులా మెత్తగా ఉంటుంది. అంటే మనకు చూసి చెప్పే మీటరు లేదు. తోక లావు చూసి బాగుందనుకుంటాం, తోకలో ఉన్నది కొవ్వు, కాల్షియం కాదు.

కాబట్టి మగదాన్ని ఈ రోజే వేరే ట్యాంకులోకి మార్చండి. అయినా ఇంకో విడత పెట్టవచ్చు, ఆడగెకో వీర్యాన్ని కొంతకాలం దాచుకోగలదు. ఆశ్చర్యపోకుండా సిద్ధంగా ఉండండి. తల్లికి పిల్లల లెక్కే నడపండి: వారానికి రెండు డి3 పూటలు, ఒక మల్టీ, మిగతా పూటలన్నీ సాదా కాల్షియం. నీళ్ల సీసా మూతలో సాదా కాల్షియం కొంచెం పోసి ట్యాంకులో ఒక మూల పెట్టండి. గుడ్ల కాలంలో అది వెళ్లి నాకుతుంది, నేను చాలాసార్లు చూశాను. అందులో డి3ది పెట్టకూడదు, ఎంత నాకిందో మనకు తెలియదు కాబట్టి. మూత పొడిని వారానికోసారి పారబోసి కొత్తది వేయండి. తల్లి కాళ్లు వణికినా, పొట్టలో గుడ్లు కనిపిస్తూ, నేల తవ్వుతూ ఉండి పెట్టలేకపోతున్నా అది కూడా వెట్ కేసే. గుడ్డు బయటికి నెట్టే కండరాలకు కూడా కాల్షియమే కావాలి. వచ్చే సీజన్‌లో జతకట్టించాలనుకుంటే రెండు నెలల ముందు నుంచే మేత, కాల్షియం సరిచేసి, ఒకటి రెండు విడతలతో ఆపండి.

కొత్తగా పిల్లలు పొదిగితే మొదటి మూడు నాలుగు రోజులు తినకపోయినా టెన్షన్ పడకండి. పచ్చసొన ఇంకా లోపల ఉంటుంది, మొదటి కుబుసం విడిచాక ఆకలి మొదలవుతుంది. అప్పటినుంచే పొడి అద్దిన చిన్న కీచురాళ్లు. వారానికి ఒకసారి తూకం వేసి రాసుకోండి. పదోవంతు గ్రాము చూపించే చిన్న డిజిటల్ కాటా ఆన్‌లైన్‌లో చవకగానే వస్తుంది. పుట్టినప్పుడు నాలుగు గ్రాములు అటూ ఇటూగా ఉన్న పిల్ల వారం వారం పెరగాలి. అంకె నిలిచిపోతే వణుకు దాకా ఆగక్కర్లేదు.

డబ్బాల విషయం. కృష్ణ పక్కన ఊళ్లలో వానాకాలం తేమకు పౌడర్ గడ్డకడుతుంది, గడ్డకట్టిన మల్టీవిటమిన్‌లో విటమిన్లు చాలావరకు పోయినట్టే. మూత తీసిన తేదీ మార్కర్‌తో డబ్బా మీద రాయండి, ఆరు నెలలకు డి3ది, మల్టీ మార్చేయండి. సాదా కాల్షియం పాడవదు, పొడిగా ఉంటే చాలు. పనిలో పనిగా మూడూ ఒకే డబ్బాలో కలిపేయొద్దు, ఖనిజాలతో కలిస్తే విటమిన్లు త్వరగా చెడతాయి, పైగా ఏ పూట ఏది ఇచ్చామన్న లెక్కే ఉండదు.

క్రెస్టెడ్ గెకో పెంచేవాళ్లు ఈ లెక్కలు పట్టుకోకండి. వాటి రెడీమేడ్ పౌడర్ మేతలో కాల్షియం, విటమిన్లు అన్నీ కలిపే ఉంటాయి. అది తింటున్నంతకాలం వేరే ఏమీ కలపక్కర్లేదు, మధ్యలో పురుగులు వేస్తే వాటికి మాత్రం సాదా కాల్షియం అద్దండి. అలాగే, శేషాచలంలో కనిపించే బంగారు బల్లిని తెచ్చి పెంచొచ్చా అని పోయిన వారం ఎవరో అడిగారు. అది వన్యప్రాణి రక్షణ చట్టం షెడ్యూల్ 1 జీవి, పట్టుకోవడమే నేరం. విదేశీ జాతులు కొన్నా బిల్లు దాచుకోండి, మీ జాతికి కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు అవసరమా అన్నది అటవీశాఖలో అడిగి తెలుసుకోండి.

వెట్ మందు మొదలుపెట్టాక చిన్నపాటి లోటైతే కొన్ని వారాల్లో వణుకు తగ్గుతుంది, పిల్ల లేచి నడుస్తుంది. వంగిన ఎముక మాత్రం మళ్లీ నిటారు కాకపోవచ్చు. వంకర కాలితో ఏళ్ల తరబడి హాయిగా బతికిన గెకోలు ఉన్నాయి, దానికి దిగులు పడకండి. ఎక్స్‌రే చూసి ఏమన్నారో, రెండు పిల్లల బరువు ఎంతో, మ్యాట్ మీద నేల వేడి రాత్రి పదింటికి ఎంత చూపిస్తోందో ఇక్కడ రాయండి. కొత్త డబ్బా కొంటే వెనక లేబుల్ ఫోటో కూడా పెట్టండి, వారానికి ఎన్ని డి3 పూటలో దాన్ని చూసి చెప్తాను.